వాలు మీద ఎర్ర పెట్టె

పిల్లల ఆటల్లో బంతులు ఎగరేయడం నా ఉద్యోగం. కిందికి లాగే బలం ఇంత, రాపిడి ఇంత అని ప్రోగ్రాములో రాస్తే తెర మీద వస్తువులు వాటంతట అవే పడతాయి, దొర్లుతాయి. ఆ విద్యతో అన్నయ్య చావుని మళ్లీ నడిపించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అన్నయ్య గోదాములో సరుకుల బండి నడిపేవాడు. పై అంతస్తు నుంచి వాలు దారిలో దిగుతూ స్తంభానికి గుద్దుకుని పోయాడు. "కునుకు తీశాడు," అని సూపర్‌వైజరు తేల్చేశాడు. కెమెరా సరిగ్గా ఆ రోజే కళ్లు మూసుకుందట. వాళ్ల నోట్లో మన్ను పడ!

ఆ కునుకు మాట వదినని పట్టుకుని పీడించింది. ముందు రోజు రాత్రంతా ఏదో గొడవపడి అన్నయ్యని కన్ను మూయనివ్వలేదట. "నేనే చంపుకున్నాను," అంటుంది, కంచం ముందు కూర్చుని.

ఆదివారం మధ్యాహ్నం నా కంప్యూటరు దగ్గరకి కుర్చీ లాక్కుంది. "నిద్రపోయాడో లేదో నీ బొమ్మలో తెలుస్తుందా?"

"చూద్దాం వదినా."

వదిన కూడా ఆ వాలు కిందే, సరుకు కట్టే బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆ రోజూ అక్కడే తలొంచుకుని పనిలో ఉండి, చప్పుడు విన్నాకే చూసిందట. కొలతలు ఆవిడే చెప్పింది. బండి బదులు ఎర్ర పెట్టె, స్తంభం బదులు నల్ల చుక్క గీశాను. మనిషి పట్టు వదిలేసిన బండి ఎటు పోతుందో చూడాలని వాలూ రాపిడీ మాత్రమే ఇచ్చాను. పెట్టె జారి, స్తంభం పక్కనుంచి దూసుకుపోయింది.

తప్పు రాశానని విసుక్కున్నాను. స్తంభాన్ని గుద్దిన బండి స్తంభాన్నే గుద్దాలి కదా! రాపిడి మార్చాను. వాలు పెంచాను. బరువుతో దారి మారదని తెలిసి కూడా బరువు రెట్టింపు చేశాను. వెధవ పెట్టె ప్రతిసారీ అదే గీత మీద పోయింది. ఈ పని చేసేవాళ్లకి ఇదొక జబ్బు. అనుకున్నది రాకపోతే ప్రోగ్రాముని తిడతాం, అనుకున్నదాన్ని అనుమానించం.

చివరికి పక్కకి తోసే బలం పెట్టాను. కొంచెం పెడితే చాలలేదు. స్టీరింగుని ఆఖరిదాకా తిప్పి గట్టిగా పట్టుకున్నంత బలం ఇస్తే, అప్పుడు గుద్దింది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "మెలకువగానే ఉన్నాడు వదినా! కునికేవాడు ఇలా తిప్పి పట్టుకోలేడు. బ్రేకు పడి ఉండదు. అన్నయ్యే తిప్పాడు."

వదిన మొహం తేటపడింది. ఎంతోసేపు కాదు.

"తిప్పకముందుది మళ్లీ వెయ్యి."

వేశాను. పెట్టె వెళ్లిన ఖాళీ చోటు మీద వేలు పెట్టింది. "ఇక్కడే నా బల్ల."

బల్ల గీయాలని నాకు తట్టనే లేదు.

"నా వెనక అట్టపెట్టెల గుట్ట ఉంటుంది," అంది. "నేను లేకపోతే తిన్నగా అందులోకే పోనిచ్చేవాడేగా. బతికేవాడా?"

"ఆ లెక్క దీనికి రాదు వదినా."

వస్తుంది. మెత్తటిదేదైనా అడ్డుపడితే దెబ్బ ఎంత తగ్గుతుందో చూపించడం నాకు మంచినీళ్లు తాగినంత తేలిక. వదిన మీటల మీద కదలకుండా ఉన్న నా వేళ్ల వంక చూసింది.

"సరేలే," అంది. "రాదనే ఉండనీ."