పన్నెండు గంటల శవం

మా దేశంలో నాటకాల మీద బతికేవాళ్లందరికీ లెక్క ఒక్కటే. ఏడాదిలో ఐదువందల ఏడు గంటల పని చూపించాలి. చూపిస్తే, ఒక కాంట్రాక్టు అయిపోయి ఇంకోటి దొరికేదాకా ఇంటి అద్దెకీ తిండికీ సరిపడా నిరుద్యోగ భృతి వస్తుంది. ఒక్క గంట తగ్గినా రాదు. మావాళ్లు పెళ్లిరోజులు మర్చిపోతారు, అప్పులు మర్చిపోతారు, ఆఖరికి డైలాగులు కూడా మర్చిపోతారు. ఎవరి గడువు ఏ నెలలో ముగుస్తుందో మాత్రం అందరికీ నోటికొచ్చు.

నేను వేషాల బట్టలు చూసే మనిషిని. ముప్పై ఏళ్లుగా మా సముద్రతీరపు బ్రెతాన్య్ ప్రాంతంలో ఊరూరా తిరిగి చిరిగినవి కుట్టాను, చెమట పట్టినవి ఉతికాను, తాగొచ్చిన రాజులకు కిరీటాలు తిన్నగా పెట్టాను. రోజెన్ మా లైట్ల మనిషి. ఆమె లైటు వేస్తే అట్టముక్కతో చేసిన గోడ కూడా రాతిగోడలా కనిపిస్తుంది. అలాంటి మనిషికి ఈ ఏడాది గంటలు తగ్గాయి. మార్చి నెలాఖరుకు గడువు. భృతి ఆగితే ఈ పని వదిలేసి, వాళ్ల ఊళ్లో పందిమాంసం ప్యాకింగ్ చేసే కార్ఖానాలో చేరాలి. ఒకసారి అందులోకి వెళ్లినవాళ్లు మళ్లీ లైట్ల దగ్గరికి రావడం నేను చూడలేదు.

ఎందుకు తగ్గాయంటే తాంగీ వల్ల. మా చిన్న కంపెనీని నడిపేది, అందులో ముఖ్య వేషాలు కట్టేది అతనే. కిందటి శరత్తులో కొత్త నాటకానికి ఆరు వారాలు రిహార్సల్స్ పెట్టాడు. జీతం లేదు. చిన్న కంపెనీల్లో రిహార్సల్స్‌కి జీతం ఎవడిచ్చాడు గనక! ఆ వారాల్లో మేమంతా భృతి మీద ఉంటాం, ఉపాధి ఆఫీసుకి "పని లేదు" అని చెప్తాం, పొద్దుటినుంచి రాత్రిదాకా గొడ్డుచాకిరీ చేస్తాం. ప్రదర్శనలు మొదలయ్యాక గంటలన్నీ సర్దుకుంటాయని మా నమ్మకం. తప్పని తెలుసు. అయినా అందరం చేస్తాం, నాటకం మీద పిచ్చి అలాంటిది. ఈసారి ఊళ్ల కౌన్సిళ్ల దగ్గర డబ్బుల్లేక పదకొండు ఊళ్ల ప్రయాణం నాలుగు ఊళ్లకు కుదించుకుపోయింది. రోజెన్ ఆరు వారాల కష్టం గాలికి పోయింది. నోరు తెరిచి చెప్పుకుందామంటే, ఆ రోజుల్లో తీసుకున్న భృతి వెనక్కి కట్టాలి, పైన జరిమానా.

ఇలాంటప్పుడు మాలో ఒక పద్ధతి ఉంది. గంటలు నిండినవాళ్లకు జ్వరాలొస్తాయి. బ్రెస్ట్‌లో లైట్లు వేసే కుర్రాడికి సరిగ్గా ప్రదర్శన రోజున జ్వరం వచ్చింది, బదులుగా రోజెన్ వెళ్లింది. కెంపేర్‌లో ఇంకొకతని నడుం పట్టేసింది. లాన్యోన్‌లో మూడో మనిషి అమ్మమ్మ పోయింది. ఆ అమ్మమ్మ అప్పటికి మూడుసార్లు పోయింది, పాపం. అలా కూడబెట్టగా కూడబెట్టగా చివరికి పన్నెండు గంటలు మాత్రం తక్కువపడ్డాయి. గడువులోపు మిగిలింది ఒక్క ప్రదర్శన, మోర్లేలో మాదే. ఆ థియేటర్లో లైట్లకు సొంత ఉద్యోగులున్నారు. రోజెన్‌కి అక్కడ పని లేదు.

ఈ మాట ఆమె బారులో అట్టు తింటూ చెప్పింది. తింటూ అంటే, ఉప్పు వెన్న కరిగి గడ్డకట్టేదాకా దాన్ని చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. బల్లకి అటువైపు కూర్చున్న తాంగీని పట్టుకున్నాను.

"ఏం ముసలోడా, సంతోషమేనా? ఆరు వారాలు దీని రక్తం తాగావు. ఇప్పుడు వెళ్లి పందికాళ్లు కట్టలు కట్టమంటావా?"

"ఊరుకో అర్మెల్," అంది రోజెన్. "నన్నెవరూ తాడేసి లాక్కురాలేదు."

తాంగీ పళ్లరసం గ్లాసు తిప్పుతూ ఉండిపోయాడు. చలికాలమంతా ఛాతీ జబ్బుతో మంచాన పడి లేచినవాడు, అప్పటికే సగమయ్యాడు. ఎప్పుడూ మాటకి మాట అంటించే మనిషి నోరెత్తకపోతే నాకు ఇంకా మండింది.

మర్నాడు రోజెన్‌కి ఫోన్ చేశాడట. "మోర్లేలో నా వేషం నువ్వు కట్టు. నా శవం వేషం."

మా నాటకంలో ఇంటి పెద్ద చచ్చిపోయి బల్ల మీద పడుంటాడు. చుట్టూ పెళ్లాం, పిల్లలు, అల్లుడు ఆస్తి కోసం కొట్టుకుంటారు. గంటన్నర పాటు శవం కదలకూడదు, అంతే వేషం. నటుల గంటలు లెక్కేసే తీరు వేరు. ఒక్క ప్రదర్శన ఎంతసేపు ఆడినా, లెక్కలో పన్నెండు గంటలు పడతాయి. రోజెన్‌కి కావలసింది సరిగ్గా అంతే. విని ఎగిరి గంతేశాను. ముసలోడికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది అనుకున్నాను.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం మోర్లేలో శవం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే తాంగీ వచ్చి, తలుపు వేసి, నా కుట్టుపెట్టె మీద కూలబడ్డాడు.

"చేతులు పొడుగు, మడిచి కుట్టు. దానివి పొట్టి చేతులు."

"నాకు తెలుసులే. నీ సంగతేంటి? నీకు నిండాయా?"

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను.

"తాంగీ. నిన్నే. నీ గడువెప్పుడు?"

"రోజెన్ గడువుకి నాలుగు రోజుల తరువాత."

"ఎంత తక్కువ?"

"ఇదొక్కటే," అని చొక్కా వైపు చూపించాడు. "జబ్బులో రెండు ప్రదర్శనలు పోయాయిగా."

ఇద్దరికీ కావలసింది ఒకే శవం!

"మరి ఇంకో వేషం రాయి! అల్లుడికి తమ్ముణ్ణి పెట్టు, పనిమనిషిని పెట్టు!"

"జీతాలిచ్చేది ఈ థియేటర్‌వాళ్లు. ఐదుగురికి ఒప్పుకున్నారు. ఇప్పుడు వెళ్లి, అయ్యా, ఇంట్లో రెండు శవాలున్నాయి అని చెప్పమంటావా?"

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"పింఛనుకి నీకింకా ఆరేళ్లుంది. ఎలా బతుకుతావు?"

"బావమరిదికి ఆల్చిప్పల బుట్టలు మోసే మనిషి కావాలట."

"ఈ ఛాతీతోనా? మోకాలి లోతు సముద్రంలోనా? చస్తావురా!"

"అరవకు, వినపడుతుంది," అన్నాడు. తరువాత నా చెయ్యి పట్టుకున్నాడు. అన్నేళ్లలో ఎప్పుడూ పట్టుకోలేదు. "దానికి నలభయ్యొకటి. ఇంకా పాతికేళ్లు లైట్లు వేస్తుంది. ఆ ఆరు వారాలు తినేసింది నేనేగా. నువ్వు దానికి చెప్పావనుకో, అది ఈ చొక్కా తొడుక్కోదు. చెప్పకు అర్మెల్. నా తప్పు నన్ను మోసుకోనీ."

చీవాట్లు పెట్టాను, బండబూతులు తిట్టాను. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. నేను చేతులు మడిచి కుట్టాను.

సాయంత్రం రోజెన్‌ని అద్దం ముందు కూర్చోబెట్టి మొహానికి తెల్లరంగు పూసి, మీసం అంటించాను. ఎప్పుడూ చీకట్లో కూర్చునే మనిషి, అద్దం చుట్టూ ఉన్న బల్బులకి కళ్లు చికిలించింది.

"ఊపిరి కనిపిస్తే ఎలాగే? తుమ్మొస్తే?"

"మీసం ఊడకపోతే అదే పదివేలు. కదలకు, జిగురు ఆరనీ."

ఒక నిమిషం కదలకుండా ఉంది. తరువాత అద్దంలోంచే నన్ను చూసింది.

"అర్మెల్, తాంగీకి గంటలు నిండాయి కదా? అడిగితే జోకులేస్తున్నాడు. నిండకపోతే చెప్పు. ఇప్పుడే ఈ మీసం పీకేస్తాను."

నా నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి ఆమె కాలరుకి గుచ్చాను.

"ఎప్పుడో నిండాయి," అన్నాను. "డిసెంబరులోనే. వాడి సంగతి నీకెందుకు, నోరు మూసుకుని చావు."

ఆమె నవ్వింది. మీసం కొంచెం లేచింది, మళ్లీ అదిమాను.

నాటకం మొదలైంది. తాంగీ తన పాత కోటు వేసుకుని సైడు వింగులో నా పక్కన నిలబడ్డాడు. బల్ల మీద రోజెన్, పైన తెల్లటి వెలుగు. అందరి డైలాగులూ పెదాలతో అనుకుంటున్నాడు. మధ్యలో నా చెవిలో, "పొట్టతో ఊపిరి తీస్తోంది, చూడు. ఛాతీ పైభాగంతో తియ్యమని నేర్పించానుగా!" అన్నాడు. కాసేపటికి, "ఫర్వాలేదు. నాకంటే బాగా చచ్చింది," అన్నాడు. నేను అతని మొహం వైపు చూడలేకపోయాను.

చివర్లో అందరూ వరసగా వచ్చి దండం పెడతారు. అందరికంటే ఆఖరున శవం లేస్తుంది. అప్పుడు జనం గోల గోల చేస్తారు, తాంగీకి ప్రాణమంతా ఆ క్షణమే. రోజెన్ లేచి కూర్చుంది. హాలు దద్దరిల్లింది. పాపం, దండం ఎలా పెట్టాలో తెలియక ముందు లైట్ల గది వైపు చూసింది. తరువాత మా వైపు తిరిగి, మీసంతోనే నవ్వుతూ, రా రా అని తాంగీకి చెయ్యి ఊపింది. మిగతా నటులు కూడా పిలిచారు.

"వెళ్లు," అన్నాను. "ఒక్క దండం. వెళ్లరా!"

తాంగీ ఒక అడుగు వేశాడు. వెలుగు అంచుదాకా వెళ్లి ఆగిపోయాడు. కోటు బొత్తాలు పెట్టుకుంటూ వెనక్కి వచ్చాడు.

"కాంట్రాక్టు లేనివాడు స్టేజీ ఎక్కితే లెక్కలో లేని దొంగపని అవుతుంది అర్మెల్," అన్నాడు. "మీచేత ఒకసారి చేయించాను. చాలు."

వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. రోజెన్‌కి అది కనిపించలేదు, కళ్ల నిండా లైట్లే. చప్పట్లు ఆగేదాకా ఆమె మా చీకటి వైపు చెయ్యి ఊపుతూనే ఉంది. అక్కడ నేనొక్కదాన్నే నిలబడి ఏడుస్తున్నాను.