మూడు గీతల పడవ

తొండియార్‌పేట కార్పొరేషన్ ఎన్నికల్లో కట్టెల అడితి కృష్ణస్వామికి పడవ గుర్తు వచ్చింది. బోర్డులు రాసే ఆదిమూలాన్ని పిలిపించి, "ముందు కొళాయికాడి గోడమీద వెయ్యి. బాగుంటే పేటలో గోడలన్నీ నీవే" అన్నాడు.

అంతవరకూ సోడాబండి మీద పూలు, మంగలిషాపు బోర్డులు వేసి బతికిన చెయ్యి అది. ఇన్ని గోడలు దొరకడం ఇదే మొదలు. ఆదిమూలం మూడు రోజులు సముద్రం ఒడ్డున కూచుని, పేటలోని జాలరి ఏళుమలై పడవను కళ్లకెక్కించుకుని వచ్చాడు. తెరచాపకు ఎర్రగుడ్డ మాసిక, ముక్కుకాడ పగులుకు పూసిన తారు, కింద అలలు, ఏదీ వదల్లేదు. గోడ దగ్గర నిలబడితే ఉప్పుగాలి కొట్టినట్టే ఉంది.

తెల్లారి నీళ్లకొచ్చిన ముసలి మునెమ్మ నడుమున చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏళుమలై ఓట్లకు నిలబడినాడా? కండ్లముందర తిరుగుతా ఉండి ఒక మాటన్నా చెప్పలేదే!"

ఆ మాట ఆమె బిందె కంటే ముందే ఇళ్లు చేరింది. మధ్యాహ్నానికి ఏళుమలై మెడలో ఎవరో దండ కూడా వేశారు. వాడు వద్దనలేదు.

కృష్ణస్వామి ఉరుక్కుంటూ వచ్చాడు. "రంగు నాది, దండ వాడికా? పొద్దుగూకే లోపల సరిచెయ్. లేదంటే రాయపురం కామేశాన్ని పిలుస్తా."

ఆదిమూలం మాసిక చెరిపి, మళ్లీ నీళ్లకొచ్చిన మునెమ్మను అడిగాడు.

"అవ్వా, ఇప్పుడు ఎవురిది?"

"ఏళుమలైదే. కొత్త చాప కట్టినాడు."

తారు చెరిపాడు.

"ఆమా, వాడిదే. పిల్లనిచ్చిన మామ బాగుచేయించి ఇచ్చుంటాడులే."

అలలు చెరిపినా లాభం లేకపోయింది. ఒక పడవను చూసి వేసింది, ఎంత తుడిచినా ఆ పడవే. ఆదిమూలం గోడంతా సున్నం కొట్టాడు. ఆరాక నీలిరంగుతో విల్లులా ఒక లావు గీత, దానిపైన నిలువునా ఒకటి, కొస నుంచి ఏటవాలుగా ఇంకొకటి. చుట్టూ తెల్లటి ఖాళీ. నింపమని చెయ్యి దురదపెడుతుంటే కుంచెను డబ్బాలో గుచ్చేశాడు.

మునెమ్మను వీధి ఆ చివర నిలబెట్టి అరిచాడు. "ఎవురిదవ్వా?"

"ఎవురిదని చెప్పేది? పడవ! మా ఆయనదీ అట్నే ఉండె, మీ నాయనదీ అట్నే ఉండె."

కృష్ణస్వామి గోడను ఎగాదిగా చూశాడు. "మూడు గీతలకా పొద్దంతా?"

"నాలుగోది గీస్తే మళ్లీ ఏళుమలైది అయిపోతుందయ్యా."

కృష్ణస్వామి మీసం కింద నవ్వు దాచుకుని, "సెరి సెరి, రేపు బడిగోడ మొదలుపెట్టు" అంటూ కదిలాడు.