గంగమ్మ మెడలోని గుల్ల

నేను ఒక సముద్రపు గుల్లను. బొటనవ్రేలి గోరంత దేహం, మూడు మెలికలు, గోధుమవన్నె చారలు. నన్ను కట్టుకొన్న నత్త ఏనాడో గతించింది. తరువాత ఒక చిన్న పీత నాలో కాపురం పెట్టింది. పరుల గుల్లలలో తలదాచుకొనడం దాని జాతిధర్మం. దేహం వేరు, దేహి వేరు అని మనుషులు గ్రంథాలు చదివి తెలుసుకొంటారు. నాకది బ్రతుకే నేర్పింది.

ఉత్తరాంధ్ర తీరాన ఒక జాలరిపేటలో దాలమ్మ అనే ఇల్లాలు గుల్లలతో నగలు చేసేది. ఏరిన గుల్లలను పక్షం దినాలు ఇసుకలో పాతిపెట్టేది. లోపలి మాలిన్యాన్ని చీమలు తినివేసేవి. పిదప కొబ్బరిపీచుతో తోమి, గరుకురాతిపై అరగదీసి బెజ్జం చేసి, భర్త ఎల్లాజీ పాతవలల నుండి ఊడదీసిన నీలిదారంలో గుచ్చేది. సముద్రాన్ని చూడవచ్చిన యాత్రికులు ఆ దండలు ధరించి, సముద్రానికి వీపు త్రిప్పి ఫొటోలు తీయించుకొనేవారు.

గంగమ్మ తల్లికి వేసే మొక్కుదండకు మాత్రం నియమం వేరు. ఆ ఉదయం కెరటం తెచ్చిన గుల్లలే కావాలి. పాతిపెట్టే వ్యవధి ఉండదు గనుక వాటిని ఉప్పునీటి పళ్లెంలో ఉంచి, పొయ్యి మీది అన్నం ఉడికేదాకా కనిపెట్టి ఉండాలి. ఏది కదిలితే దానిని కడలికే విడవాలి. ఊపిరి ఉన్న గుల్ల అమ్మ మెడకు తగదు.

ఎల్లాజీ పడవ గాలివానలో చిక్కి మూడవ దినం. అతడు తిరిగి రావాలని మొక్కి, ఆ ఉదయం దండకు దాలమ్మ నన్ను ఏరింది. పళ్లెంలో నీళ్లు పోసింది కాని పొయ్యి వెలిగించలేదు. మూడు దినాలుగా ఆ ఇంట వంట లేదు. వంట లేని ఇంట అన్నం ఉడికే వేళను ఎవరు కొలుస్తారు? నీటిలో ముంచి వెంటనే తీసివేసింది.

పొరుగింటి వృద్ధురాలు అచ్చియ్యమ్మ గంజి తెచ్చి మందలించింది. "రెండు గుక్కలు తాగే దాలీ. నీ మొగుడొచ్చి, ఈ ఎండుసేప నాదేనా అంతాడు."

"ఆడు రానీ పిన్నీ. ఏటన్నా పడతాను."

రాతిపై నన్ను అరగదీస్తుంటే పీత చివరి మెలికలోకి ముడుచుకొంది. ఆగుమని చెప్పడానికి నాకు నోరేదీ? నాకున్న నోరు వట్టి వాకిలి. ఆ వాకిలికి అడ్డంగానే ఆమె దారం బిగించి ముడి వేసింది.

సాయంకాలం ఇసుకదిబ్బపై ఉన్న గంగమ్మ విగ్రహానికి దండ వేశారు. లోపలి జీవి బయటపడాలని పెనుగులాడింది. నేను వణికాను, నాతో దండ వణికింది. స్త్రీలు ఒక్కపెట్టున కేకలు వేశారు.

"ఓలమ్మో, సూడండే! అమ్మ మెడలో దండ కదుల్తన్నాది! ఎల్లాజీ బతికున్నాడే దాలీ!"

ఒక పీత ఆక్రందన అంతమందికి శుభవార్త అయింది! దాలమ్మ ముఖం వెలిగింది. కన్నీటితో దగ్గరకు వచ్చి, దారం సందులో తన్నుకొంటున్న సన్నని కాలును చూసింది. ఆ వెలుగు అక్కడే ఆరిపోయింది. ఆమె చేయి ముడి మీదికి పోయింది.

అచ్చియ్యమ్మ ఆ చేయి పట్టుకొంది. "ఇప్పకే! మొక్కు తెగిపోద్ది. నీ మొగుడి పేనం అందులో ముడేసినావు."

"ఇది బతికున్నాది పిన్నీ. ఒకల ఇల్లు మూసీసి, నా ఇల్లు నిలబెట్టమని అమ్మనెలా అడగను?"

పంటితో దారం కొరికి నన్ను ఇసుకపై విడిచింది. పీత నన్ను మోసుకొని నడిచింది. బెజ్జంలో దారపు ముక్క మిగిలిపోయింది.

మరునాటి ఉదయం పడవ పలక ఒకటి ఒడ్డుకు వచ్చింది, ఎల్లాజీ పేరుతో. "దండ తెంపకుంటే వొచ్చీవోడు" అన్నారు పేటవాళ్లు. దాలమ్మ పలక ప్రక్కన కూలబడి, "నేనే తెంపీసినాను" అని మాత్రం అంది.

అప్పుడే పీత నన్ను మోస్తూ ఆ పలకపై ప్రాకింది. విరిగిన అంచున జారుడు పాకుడు పట్టి ఉంది. కడలిలో పుట్టినదానను, పాకుడు వయసు నాకు తెలుసు. అది ఒక్క రాత్రిలో పట్టినది కాదు, మూడు నాళ్లది. తొలి రాత్రికే పడవ విరిగింది. నన్ను ఏరక మునుపే, ముడి వేయక మునుపే. ఆ ఇల్లాలి దోషం ఆవగింజంత లేదు. ఈ మాట తెలిసినది లోకంలో నాకొక్కదానికే.

కొన్ని నెలలకు పీత పెరిగి, వేరొక ఇల్లు వెదుకుకొని వెళ్లింది. వట్టిగుల్లనైన నన్ను దాలమ్మే ఏరింది. బెజ్జంలోని నీలిదారాన్ని చూసి గుర్తుపట్టింది. నన్ను ఏ హారంలోనూ గుచ్చలేదు, కొంగున ముడివేసుకొంది. ఇప్పుడు గుల్లలను పళ్లెంలో ఉంచి, అన్నం ఉడికేదాకా కదలక కూర్చొంటుంది. ఆ వేళ నన్ను తీసి చెవికి ఆనించుకొంటుంది.

నీవు కాదమ్మా, నీవు కాదు అని నాకున్న మూడు మెలికలతోనూ మొరపెడతాను.

ఆమెకు సముద్రఘోష వినిపిస్తుంది. "సంద్రం ఇంకా అరుత్తానే ఉన్నాది" అని నన్ను మళ్లీ కొంగున ముడివేస్తుంది.