నూటనలభైయో లైను

బీబీ పొద్దున్నే భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. హిదాయతుల్లా అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు.

"నేనీ పుస్తకం రాసే రోజుల్లో..."

ఆ మాటతో వీధిలో టీవీలన్నీ నీలంగా మారిపోయాయి. వాటి మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి: రాసింది మీరా?

పక్కింటి సత్యవతి గోడ మీంచి తొంగిచూసింది. "బీబీ గారూ, వంటల ప్రోగ్రాం అయ్యేదాకా కోపం ఆపుకోకూడదాండీ?"

"చూస్తానండీ."

ఎనభయ్యారులో హిదాయతుల్లా తన రేడియో షాపు కోసం మద్రాసు నుంచి టీవీకి తగిలించే చిన్న కంప్యూటరు తెచ్చాడు. వారం కుస్తీపట్టి వదిలేశాడు. వంటయ్యాక బీబీ దాని ముందు కూర్చునేది. పెదపాడు చేపల చెరువులకు మేత లెక్కగట్టే ప్రోగ్రాం రాసి క్యాసెట్టులో దాచింది. అదెలా రాయాలో తెలుగులో ఒక పుస్తకమూ రాసింది. ఆడపేరుంటే ఎవరూ కొనరన్నాడు ప్రెస్సాయన. "మనిద్దరం ఒకటే కదా" అని హిదాయతుల్లా తన పేరు వేయించుకున్నాడు. బీబీకి కోపమొస్తే దగ్గర్లోని టీవీలు నీలంగా మారడం అప్పట్నించే.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీవాళ్ళు ఆ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేసి, ఆయనకు సన్మానం పెట్టారు. బీబీ చివరి వరసలో కూర్చుంది.

హర్షిణి అనే విద్యార్థిని లేచింది. "సర్, మీ ప్రోగ్రాం నూటనలభైయో లైన్లో లెక్క మళ్ళీ సున్నాకి ఎందుకొస్తుందండీ?"

హిదాయతుల్లా పుస్తకంలో పేజీలు తిరగేశాడు. ఇది కూడా తెలీదా అని బీబీ పళ్ళు కొరికింది. వేదిక మీది పెద్ద తెర నీలంగా మారింది. ఆయనకు ప్రాణం లేచొచ్చి, అక్షరాలు పడ్డవి పడ్డట్టే చదివాడు.

"ఒక చెరువు మేత ఇంకో చెరువు లెక్కలో కలవకూడదు కాబట్టి."

చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వుతూ నమస్కారం పెట్టాడు. ఆ నవ్వు చూసి బీబీకి ఒళ్ళు మండిపోయింది. తెర మీద ఇంకో వరస పడింది. అలవాటులో ఆయన అదీ చదివేశాడు.

"ఇది రాసింది బీబీ. ఈయనకి..."

అక్కడ ఆగిపోయాడు. మిగతాది హాలంతా చదువుకుంది: స్విచ్చి వేయడమే వచ్చు.

ప్రిన్సిపాల్ అబ్రహాం గారు శాలువా పట్టుకుని చివరి వరసకొచ్చారు. బీబీ అందుకోలేదు.

"ముందు పుస్తకం మీద నా పేరు వేయండి. తర్వాత చూద్దాం."

హర్షిణి పక్క కుర్చీలోకొచ్చి నోట్సు తెరిచింది. పిల్లలు చుట్టూ మూగారు.

తిరుగు రైల్లో హిదాయతుల్లా బీబీ వైపు తిరిగాడు.

"అంతమందిలో అలా రాయాలా?"

"నలభై ఏళ్ళు వీధివాళ్ళంతా చదివారు. మీరొక్కరే చదవలేదు."

జూన్‌లో పుస్తకం బీబీ పేరుతో వచ్చింది. వారానికి మూడు రోజులు ఆమె తాడేపల్లిగూడెం వెళ్ళి పాఠం చెబుతోంది. ఆ రోజుల్లో హిదాయతుల్లా తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు.