కత్తిపీట లేని ఇల్లు

చెన్నమ్మ గోరుచిక్కుళ్ళు చేత్తోనే తుంచుతోంది. కూర ఏదైనా అంతే, తుంచడానికి వీలయ్యేదే వండుతుంది. ఆమె ఇంట్లో కత్తిపీట లేదు.

శివరాత్రి వెళ్ళిన అమావాస్య. మధ్యాహ్నం నుంచి సూర్యగ్రహణం. గురజాలలో పొయ్యిలన్నీ పెందలాడే ఆరిపోయాయి. ఆమె అన్నం తిని, గిన్నెలు బోర్లించి, బిందె చంకనెత్తుకుని బయటికొచ్చింది. పక్కింటి కోటమ్మ నీళ్ళకుండ మీద గరిక వేస్తూ తలెత్తింది.

"ఏంది వదినా, ఇయ్యాల గూడా బడికేనా? పిల్లకాయలే రారంట. ఎవురికి పోస్తావు నీళ్ళు, గోడలకా?"

"గోడలు నీ మాదిరి వాగవులే."

హైస్కూలు డ్రమ్ములో నీళ్ళు నింపడం ఆమె పని. మోసి మోసి నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. బిందె ఆనే చోట చీర ఎప్పుడూ తడిగానే ఉంటుంది. చలికాలం నుంచి ఆయాసం. గుండె ఉబ్బింది, బరువులు మొయ్యొద్దని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆమె బిందె మార్చి కాస్త చిన్నది పెట్టుకుంది.

వరండాలో సైన్సు మాస్టారు ధనుంజయరావు కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని గాజుముక్కలకు మసి పట్టిస్తున్నాడు. పిల్లలకు గ్రహణం చూపిద్దామని. ఒక్కరూ రాలేదు.

చెన్నమ్మ డ్రమ్ము నింపి, మూత మీద గరిక పెట్టింది. మాస్టారు నవ్వి ఊరుకున్నాడు.

"సారూ," అంది గోడవైపు చూస్తూ. "గ్రహణం పూట కడుపుతో ఉన్నది ఏదన్నా కోస్తే బిడ్డకి పెదవి చీలుద్దా?"

"చీలదు. బిడ్డ లోపల తయారయ్యేటప్పుడే ఒక్కోసారి అట్లా అవుతుంది. కోతకూ దానికీ సంబంధం లేదు. ఎందుకడిగావు?"

చెప్పింది. తొలికాన్పు, ఆడపిల్ల. మొర్రి. రొమ్ము పట్టలేకపోయింది. దూదితో పాలచుక్కలు పోస్తే ముక్కులోంచి వచ్చేవి. పేరు పెట్టకముందే పోయింది. ఏం కోశావని అత్త నిలదీసింది, ఏదో ఒకటి చెప్పేదాకా వదల్లేదు. ఆలోచించి ఆలోచించి, దోసకాయ అని చెప్పింది. మొగుడు ఇంకొకతెను చేసుకున్నాడు.

"ఆ రోజు గ్రహణం ఉందా మరి?"

చెన్నమ్మ ఖాళీ బిందె కింద పెట్టింది.

"ఉందనే అన్నారు సారూ. నేను చూళ్ళేదు." చెయ్యి చాపింది. "ఇయ్యండి, చూస్తా."

ఎండ పలచబడింది. కాకులు గూళ్ళకు మళ్ళాయి. వేపాకుల సందుల్లోంచి నాపరాళ్ళ మీద పడే వెలుగు చుక్కలన్నీ వంకలు తిరిగాయి. ఆమె గాజుముక్క కంటికి అడ్డం పెట్టుకుని తలెత్తింది. సూర్యుడు కొడవలంత మిగిలాడు.

"ఇంతేనా?" అంది. "దీనికి నా బిడ్డతో ఏం పని సారూ?"

ఆమె డ్రమ్ముకు ఆనుకుని కూలబడి, రొమ్ము రుద్దుకుంది.

"ఆసుపత్రికి పోదామా?"

"ఎప్పుడూ ఉండేదేలే. రేపు ఒక దోసకాయ తెచ్చుకోవాల. పప్పులోకి. కోటమ్మనడిగి కత్తిపీట తెచ్చుకుంటా."

మాస్టారు మళ్ళీ ఆకాశం వైపు తిరిగాడు. వెలుగు తిరిగొచ్చాక పిలిచాడు. ఆమె పలకలేదు.

విడుపు స్నానాలు చేసిన జనం తడిబట్టలతోనే వచ్చారు.

"గుండెజబ్బమ్మా," అన్నాడు మాస్టారు. "డాక్టరు ముందే చెప్పాడు."

"నిన్న లేదా సారూ ఆ జబ్బు? మొన్న లేదా?" కోటమ్మ ఏడుస్తూనే గద్దించింది. "గ్రహణం ఆనాడు బిడ్డని మింగింది, ఇయ్యాల తల్లిని మింగింది. మీరే గదా ఆమె చేతికి గాజుముక్క ఇచ్చింది!"

అందరూ తలలూపారు. పొద్దు గూకేలోపు ఆ మాట ఊరు దాటిపోయింది.

డ్రమ్ము పక్కన నాపరాయి మీద గాజుముక్క పడి ఉంది. ఆమె బొటనవేలు ఆనిన చోట మసి చెరిగి, అక్కడొక్కచోటే తేటగా ఉంది.