అత్తగారి మూలుగు, కోడలి రక్తం

మా వీధి చివర దర్జీకొట్టు అత్తగారి మూలుగు సామాన్యమైనది కాదు. ఆవిడ ఒకసారి గట్టిగా మూలిగితే ఎదురింటి గోడగడియారం ఆగిపోయిందంటారు. నేను నమ్మను గానీ, ఆ గడియారం ఇప్పటికీ నడవదు.

కరోనా అత్తకీ కోడలికీ ఒకేసారి సోకింది. అత్త మంచమెక్కింది. కోడలు జ్వరం మాత్ర మింగి, వేడినీళ్లు కాచి, అత్త కాళ్లు పిసుకుతూ తిరిగింది. "కొంచెం నీరసం, అంతే" అంది. అంతే అనుకున్నారు అందరూ. పడుకోని మనిషి జబ్బును మన ఇళ్లలో ఎవరు లెక్కపెడతారు?

కొడుకు తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సంచి మోయడానికి కోడలూ వెళ్లింది. వార్డులో ఖాళీగా ఉన్న ఒక్క మంచం అత్తగారికిచ్చారు. రక్తపరీక్షకని నర్సు సూది తీయగానే ఆవిడ చెయ్యి దుప్పట్లో దాచేసింది.

"నాకు సూదంటే గుండె జారిపోతుందమ్మాయ్. ముందు దానికి గుచ్చు, నేను చూస్తా."

"నాకెందుకత్తయ్యా, నేను బాగానే ఉన్నాగా."

"బాగున్నదానివి కాబట్టే ముందు చెయ్యి చాపు."

"ఈవిడకీ పాజిటివేగా, తీద్దాం" అంది నర్సు. కోడలు చాపింది. తర్వాత అత్తగారు కళ్లు మూసుకుని చాపింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ ఫలితాలతో వచ్చింది.

"అమ్మకి సీరియస్సాండీ?" అన్నాడు కొడుకు, తల్లి తలకింద దిండు సర్దుతూ.

"మీ అమ్మగారి రక్తం నిమ్మళంగా ఉంది. గోల పెడుతున్నది మీ ఆవిడ రక్తం. ఒంట్లో వాపుని చెప్పే గుర్తు బాగా పెరిగింది. గడ్డకట్టే గుర్తూ ఎక్కువే."

కోడలి వేలికి క్లిప్పు పెట్టి వరండాలో నడిపించింది. ఆక్సిజన్ జారిపోయింది.

"ఈవిడ్ని వెంటనే చేర్చాలి. ఇంకో మంచం లేదు" అంది డాక్టరమ్మ.

అత్తగారు మూలుగు ఆపింది. వార్డు గడియారం చప్పుడు అప్పుడే అందరికీ వినబడింది. ఆవిడ మంచం దిగి, దుప్పటి ముడతలు తన చేత్తోనే సరిచేసింది.

"ఎక్కవే."

"మరి మీరో అత్తయ్యా?"

"నేను ఇంటికెళ్లి కుర్చీలో కూర్చునైనా మూలగగలను. ఎక్కు."

కోడలు మందులతో, ఆక్సిజన్‌తో గట్టెక్కి, మళ్లీ కొట్లో కుట్టుమిషను ముందు కూర్చుంది. ఇప్పుడు కొట్టుకి కొలతలివ్వడానికి ఎవరొచ్చినా అత్తగారు ఈ కథ చెప్పందే టేపు తీయదు. "మా కోడలు నా పిరికితనం వల్ల బతికింది" అంటుంది, ఏదో యుద్ధం గెలిచొచ్చినట్టు. ఆ గర్వం ఆవిడకు చెల్లుతుంది.

కథ చివర్లో ఆవిడ అనే మాటే నా మాట కూడా: "మూలిగేవాళ్లని ఎలాగూ చూస్తారు. మీ ఇంట్లో మూలగనిదెవరో చూసి, ముందు ఆ చెయ్యి పట్టుకుని పరీక్షకి తీసుకెళ్లండి."