ఏడు నెలల నర్సన్న

"మా ఆయన ఇరవై రెండేండ్ల పనిని ఏడు నెలలు చేసింది మీరే సారూ. కంపెనీ అడిగింది, కాంట్రాక్టరు చెప్పిండు, మీరు చేసిండ్రు. ముగ్గురు దొంగలే. అండ్ల మీకే జెర సదువెక్కువ."

బీరమ్మ చేతిలోని చీపురు కింద పెట్టకుండానే ఈ మాట అన్నది. పాత సర్వర్ ముందు కూర్చున్న సూర్యారావు తెరలోకే చూస్తున్నాడు.

కాజీపల్లిలోని ఆ మందుల ఫ్యాక్టరీలో బీరమ్మ ఆఫీసు ఊడుస్తుంది. ఆమె భర్త నర్సన్న రియాక్టర్ల దగ్గర యాసిడ్ డ్రమ్ములు ఎత్తి పోసేవాడు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఊపిరాడదు. జబ్బు పనివల్లే వచ్చిందని తేల్చి పరిహారం ఇప్పించాలంటే అక్కడ ఎన్నేళ్లు చేశాడో కంపెనీ రాసివ్వాలని డాక్టర్ల బోర్డు అడిగింది. కంపెనీ రాసిచ్చింది: ఏడు నెలలు. ఏడు నెలల్లో ఊపిరితిత్తులు ఇంతగా చెడవని బోర్డు ఆ కాగితం తిప్పి పంపింది. సోమవారం మళ్లీ రమ్మంది. అదే ఆఖరు.

సూర్యారావు తణుకు వైపు మనిషి. ఈ కంపెనీకి పాతికేళ్ల కింద మొట్టమొదటి సర్వర్ పెట్టింది ఆయనే. సికింద్రాబాద్ నుంచి ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని, గుంత వచ్చినచోటల్లా రెండు చేతులతో పొదివి పట్టుకుని తెచ్చాడు. జనరల్ మేనేజర్ గదిలోని ఏసీ ఊడదీసి దానికి బిగించారు. కొబ్బరికాయ కొట్టి కుంకుమ పెడితే, ఫ్యాన్‌లోకి పోతుందని ఆయన ఆదరాబాదరాగా తుడిచేశాడు. గేటు హాజరు, స్టాకు, జీతాలు, అన్నీ అందులోనే. డిస్కు మాత్రం తొమ్మిది జీబీ. ఇవాళ ఒక పెళ్లి వీడియోకు చాలదు. అది నిండిపోతుందేమోనన్న భయంతోనే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. కూలీ ఏడాదిలో రెండువందల నలభై రోజులు తెగకుండా పనిచేస్తే చట్టం అతనివైపు చూస్తుంది, ఊరికే తీసెయ్యనివ్వదు. చూడకుండా ఉండాలి. అందుకని ఏడు నెలలు కాగానే కూలీల కాంట్రాక్టరు చేత మనిషిని వారం ఇంట్లో కూర్చోబెట్టించి, కొత్త టోకెన్ నంబరుతో కొత్తవాడిలాగ మళ్లీ తీసుకుంటారు. దానికి బ్రేకు అని పేరు. "ఈ వారం నాకు బ్రేకు, చుట్టాలింటికి పోతున్న" అని కూలీలే చెప్పుకునేవాళ్లు, అదేదో పండగ సెలవైనట్టు.

పాత పేర్లు తీసి కొత్త నంబర్లు వెయ్యడానికి గేటు క్లర్కుకు పూటంతా పట్టేది. సూర్యారావు దానికొక బటన్ తయారుచేశాడు. నొక్కితే ముప్పైమంది పాతవాళ్లు పోయి, ఆ ముప్పైమందే కొత్తవాళ్లై వచ్చేవాళ్లు. డిస్కులో జాగా మిగులుతోందని ఆయన సంబరపడ్డాడు. ఏం చేస్తున్నాడో తెలియక చేశాడనుకోకండి. తెలుసు. తెలిసే, అది తన శాఖ కాదనుకున్నాడు.

రెండేళ్ల కింద రిటైరైన మనిషిని ఇప్పుడు మూడు రోజుల పనికని పిలిపించారు. కొత్త సర్వర్ వచ్చింది, పాతదాని భాష కొత్త పిల్లలకు అర్థం కాలేదు. ఇవాళ మూడో రోజు. పేర్లన్నీ అటు చేరాయి. మధ్యాహ్నం పాత ఇనుము ట్రాలీ వచ్చి ఈ డబ్బాను ఎత్తుకుపోతుంది.

"తీసేసిన పేర్లు నేనెక్కణ్ణుంచి తేనమ్మా?" అన్నాడు సూర్యారావు.

"ఇరవై ఏండ్ల సంది దీని దుమ్ము తుడిచేది నేనే. దీనికి ఏసీ పెట్టిండ్రు. మా ఆయన ముక్కుకు కట్టుకునే గుడ్డ గూడ నా పాత చీర చింపిచ్చిన. దీని కడుపుల ఏమున్నదో ఒక్కపారి సూడుమంటున్న. సూస్తె మీదేం పోతది?"

చూడటానికేముంది అనబోయి ఆయన ఆగాడు. ఆ పాత ప్రోగ్రాముకు ఒక గుణం ఉంది. పేరు తీసెయ్యమంటే నిజంగా తీసెయ్యదు. గుర్తొకటి పెట్టి కంటికి కనపడకుండా దాస్తుంది. దాచినవాటిని ఊడ్చెయ్యాలంటే విడిగా చెప్పాలి. ఆయన ఏటా మార్చిలో ఊడ్చేవాడు. రెండువేల ఏడులో మెమరీ పెంచి పెద్ద డిస్కు బిగించాక జాగా భయం పోయింది. ఊడవడం మానేశాడు. మానేసిన సంగతే మరిచాడు. కొత్త సర్వర్‌కు చేరింది కనపడే పేర్లే.

కీబోర్డు దగ్గరికి లాక్కుని, దాచినవాటిని చూపించమన్నాడు. డబ్బా కాసేపు గరగరలాడింది. తర్వాత తెర నిండా నర్సన్నే. నర్సన్న, తండ్రి పెంటయ్య, రియాక్టర్ బ్లాకు. ఏడేడు నెలలకొక నంబరు. పద్దెనిమిదేళ్లలో ఇరవై తొమ్మిదిసార్లు కొత్తగా చేరాడు.

"మొదటి నాలుగేళ్లు దొరకవు. అవి నేనే ఊడ్చేశాను" అన్నాడు, గొంతు తగ్గించి.

"నేను ఊడ్శిన, మీరూ ఊడ్శిండ్రు. నా చీపురుతోని ఎవల బతుకు పోలె."

సూర్యారావు ప్రింటర్ ఆన్ చేశాడు. ఆ పేజీలు అచ్చు తీసి, మడిచి ఆమెకిచ్చాడు. "చెంగులో పెట్టుకుని వెనక గేటు నుంచి వెళ్లిపో. నేనిచ్చానని ఎక్కడా అనకు."

బీరమ్మ కదల్లేదు. "దొంగలెక్క నేనెందుకు పోవాలె? ముద్ర లేని కాయితం బోర్డోళ్లు నమ్ముతరా? ఇంకెవల పేర్లున్నయ్ అండ్ల?"

సూర్యారావు కిందికి జరిపాడు. పెద్దరాములు. పోయినేడు ఇదే జబ్బుతో పోయిన సోమయ్య. ఇంకా కిందికి వెళ్తే, బీరమ్మ, ఊడ్పు పని, ఇరవై ఎనిమిదిసార్లు. పేర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మొదట్నుంచీ తను లెక్కపెట్టింది జాగానే, మనుషుల్ని ఎప్పుడూ లెక్కపెట్టలేదని ఆయనకు అప్పుడు తట్టింది.

అంతలో హెచ్ఆర్ ఆఫీసర్ ప్రవీణ్‌కుమార్ వచ్చాడు. సూర్యారావు ఉండే కాలనీలోనే పెరిగిన కుర్రాడు. "అంకుల్, ట్రాలీ వచ్చేసింది. ఇక్కడ సంతకం పెడితే అయిపోతుంది."

కాగితంలో ఒకటే వాక్యం ఉంది. సమాచారం మొత్తం మార్చాను, పాత యంత్రంలో ఏమీ మిగల్లేదు.

ప్రవీణ్‌కుమార్ తెర చూశాడు. మొహం మారింది. "ఇవి డిలీట్ అయినవి కదా అంకుల్. మీరు తెరవకూడదు. రికార్డు ప్రకారం వీళ్లు లేరు."

"లేనిదాన్ని పొద్దుగాల నీ టేబులు తుడిచిన బిడ్డా. చాయ్ గూడ ఇస్తె తాగినవ్" అన్నది బీరమ్మ.

"ప్రవీణూ, ఆ బటన్ పెట్టింది నేనే" అన్నాడు సూర్యారావు. "ఏమీ మిగల్లేదని సంతకం పెడితే, ఇరవై తొమ్మిదిసార్లు తీసేసినవాణ్ణి ముప్పయ్యోసారి తీసేసినట్టవుతుంది. నేను పెట్టను."

"అంకుల్, మిమ్మల్ని పిలిపించింది నేను. నా ఉద్యోగం చూడండి."

"చూస్తున్నాను. నేనూ ఇన్నేళ్లు అదే చూసుకున్నాను."

ఆ వాక్యం కొట్టేసి, కాగితం వెనక్కి తిప్పి, పెన్ను పట్టుకుని బీరమ్మ వైపు చూశాడు. ఆమె చీపురు గోడకానించి, తలుపుకు అడ్డంగా నిలబడి చెప్పింది.

"రాయుండ్రి సారూ. గీ డబ్బ గేటు దాటొద్దు. దీంట్ల దాసిన పేర్లన్ని ఇయ్యాల్నే అచ్చు తియ్యాలె. ఎవలు ఎన్నేండ్లు చేసిండ్రో, ఏ బ్లాకుల చేసిండ్రో రాసి, కంపెనీ ముద్ర గుద్ది ఎవలది వాళ్ల చేతికియ్యాలె. సచ్చినోళ్లది ఇంటోళ్లకియ్యాలె. దొరకని మొదటి నాలుగేండ్లు ఎవలు ఊడ్శిండ్రో మీ పేరు పెట్టి రాయాలె. గా బ్రేకు అనేది ఇయ్యాల్టి సంది బందు చెయ్యాలె. ప్రవీణ్ బిడ్డా, ఆ ట్రాలీని ఎనుకకు పంపి, ముద్ర పట్టుకొని రా. సోమారం దాక గాదు, ఇప్పుడే."